చీపురు మందు

ఎలక మనిషి చేతికి మచ్చిక కావడానికి అయిదు రోజులు పడుతుంది. వారం గడిచినా కాకపోతే తప్పు ఎలకది కాదు, చేతిది. ఇది డాక్టర్ హైమవతి సిద్ధాంతం. ఆమె సిద్ధాంతాలకి ఆ ల్యాబులో ఎదురు చెప్పినవాళ్ళు లేరు. చెప్పేవరకూ ఆమె ఒకచోట నిలబడితే కదా!

విశాఖ శివార్లలో, సముద్రం వైపు తిరిగిన కొండవాలు మీద ఉండేది ఆ పరిశోధన సంస్థ. నరాల మందుల విభాగానికి హైమవతి పెద్ద. నలభై ఆరేళ్ళ మనిషి. ఆమె కూర్చుని టీ తాగగా చూసినవాళ్ళు లేరు. సగం తాగిన కప్పులు కిటికీ గట్ల మీద, ఫ్రిజ్ మీద, ఒకసారి మైక్రోస్కోపు పక్కన కూడా దొరికాయి. మాట్లాడుతూ నడుస్తుంది, నడుస్తూ ఫోన్ చూస్తుంది, ఎదుటివాడు రెండో వాక్యం మొదలుపెట్టేసరికి మొదటిదానికి జవాబు చెప్పేసి గుమ్మం దాటుతుంది.

ఎలకల గది మాత్రం పైడిరాజుది. ఇరవై రెండేళ్ళుగా ఆ గదిలో ఆయన మాటే చెల్లుతుంది. యాభై దాటిన మనిషి, తగరపువలస నుంచి రోజూ బస్సులో పొద్దున్న ఆరింటికల్లా దిగుతాడు. ఎలకల్ని మచ్చిక చెయ్యడానికి ఆయనకి నాలుగు నియమాలు. రోజూ ఒకే వేళకి రావాలి. రోజూ అదే చెయ్యి పెట్టాలి. సబ్బు మార్చకూడదు. చెయ్యి పెట్టి ఊరుకోవాలి. "మనం పట్టుకోకూడదు మేడమ్, అదే వొచ్చి ఎక్కాల," అనేవాడు. ఎక్కిన రోజున తన అట్ట రిజిస్టరులో గుండ్రటి అక్షరాలతో "మచ్చిక అయింది" అని రాసి, కింద గీత గీసేవాడు.

హైమవతి పదకొండేళ్ళ కష్టం జి-17 అనే మందు. నరం నరంతో మాట్లాడాలంటే గ్లుటమేట్ అనే రసాయనాన్ని కాస్త చిందించాలి. మాట అందాక, చిందినదాన్ని పక్కనున్న కణాలు ఊడ్చెయ్యాలి. ఆ ఊడ్చే కణాలు నీరసిస్తే గ్లుటమేట్ పేరుకుపోయి అవతలి నరాన్ని చంపేస్తుంది. కండరాల్ని కదిలించే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోయే మోటార్ న్యూరాన్ జబ్బుకి మూలం ఇక్కడే ఉందని హైమవతి నమ్మింది. నమ్మి, ఊడ్చే కణాలకి బలం పెంచే మందు చేసింది. ఎలకల గదిలో అటూ ఇటూ తిరుగుతూ ఒకరోజు ఇదంతా పైడిరాజుకి చెప్పుకొచ్చింది. ఆయన సాంతం విని, "అంటే చీపురు మందన్నమాట," అన్నాడు. ఆ రోజునుంచి ల్యాబులో అందరికీ అదే పేరు.

ఎప్పుడూ ముందు మచ్చిక, తరవాత మందు. ఒక్క ఆరో బ్యాచికే తలకిందులైంది. తుఫానుకి ఎలకల బండి దారిలో తొమ్మిది రోజులు చిక్కుకుపోయింది. మనుషుల మీద పరీక్షకి అనుమతి కోసం నివేదిక పంపాల్సిన గడువేమో నెత్తిమీద కూర్చుంది. "మొదటి రోజునుంచే మందు ఇచ్చెయ్యండి, మచ్చిక పక్కన నడుస్తుంది," అంది హైమవతి, సగం మెట్ల మీద ఉండగా.

రెండు వారాల తరవాత పైడిరాజు రిజిస్టరు పట్టుకొచ్చాడు.

"ఈ బేచీ మచ్చికవ్వట్లేదండి."

"తింటున్నాయా? నడుస్తున్నాయా?"

"అన్నీ బావున్నాయండి. చెయ్యి ఎట్టగానే మూలకి పోయి నక్కుతన్నాయి. పద్నాలుగు రోజులైనాది మేడమ్. పెతీరోజూ మొదటి రోజే."

"ఏదీ, చెయ్యి చూపించండి."

ఆయన కుడిచెయ్యి చాపాడు. బొటనవేలి కింద కండ తనంతట తాను సన్నగా అదురుతోంది, ఆగుతోంది, మళ్ళీ అదురుతోంది.

"ఇదిగో, మీ చెయ్యే అదురుతోంది పైడిరాజు గారూ. అదిరే చేతిని ఏ ఎలక నమ్ముతుంది? నాలుగు రోజులు సెలవు పెట్టి పడుకోండి," అంది హైమవతి. రిజిస్టరు లాక్కుని ఆరో బ్యాచి పేజీకి అడ్డంగా ఎర్ర పెన్నుతో రాసింది: "మచ్చిక చేసిన మనిషి లోపం. లెక్కలోంచి తీసెయ్యాలి."

పైడిరాజు ఆ రాత చూశాడు. ఇరవై రెండేళ్ళలో ఎవరూ అనని మాట అది. రిజిస్టరు మూసి చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నరాల వైద్యం చదివిన మనిషి. మందు చేసే కీడు ఒకటి, మనిషికి మొదలైన జబ్బు ఒకటి, రెండూ ఒకే అరచేతిలో పెట్టి చూపిస్తే రెండూ చూడలేదు. అంత చదువూ ఆ నిమిషంలో ఏ గంగలో కలిసిందో!

*

ఎనిమిది నెలల తరవాత పైడిరాజు చేతిలోంచి పంజరం మూత జారి కాలిమీద పడింది. ఈసారి హైమవతి ఆ చెయ్యి పట్టుకుని చూసింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ కరిగి గుంట పడింది. చూస్తూ ఎంతసేపు నిలబడిపోయిందంటే, "మేడమ్, మీటింగనీసి ఎల్తన్నారు కదా," అని పైడిరాజే గుర్తు చెయ్యాల్సి వచ్చింది.

మోటార్ న్యూరాన్ జబ్బు. మూడేళ్ళు, మహా అయితే నాలుగు. చేతులు, తరవాత కాళ్ళు, తరవాత మింగడం, ఆఖరికి ఊపిరి.

చీపురు మందు పరీక్షలు అప్పటికే ఊళ్ళోని ఒక ఆస్పత్రిలో మొదలయ్యాయి. తన దగ్గర పనిచేసే మనిషిని తనే చేర్చకూడదు కాబట్టి అక్కడి డాక్టర్లు చూసి, నియమాల ప్రకారం తీసుకున్నారు. నలభై మందిలో పదకొండోవాడు పైడిరాజు. సంతకం పెడుతుంటే భార్య నూకరత్నం ఆయన మోచెయ్యి పట్టుకుంది. బడిలో మధ్యాహ్న భోజనం వండే మనిషి ఆమె. మూడొందల మంది పిల్లల్ని గరిటెతో అదుపు చేసే గొంతు.

"ఎలకలకి ఏసినారు కదా, మా ఆయనకి మాత్రం ఏటి తక్కువ, ఎయ్యండి," అంది. అందరూ నవ్వారు. నవ్వుతూనే ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

మందు పనిచేసింది. ఏడాది తిరిగేసరికి నలభై మందిలో ముప్ఫై ఎనిమిది మందికి జబ్బు ఉన్నచోటే ఆగిపోయింది. పైడిరాజు చెయ్యి బలహీనంగానే ఉన్నా, అంతకంటే పోలేదు. పంజరాలు తుడుస్తున్నాడు, బస్సు ఎక్కుతున్నాడు. హైమవతి మాడుగుల హల్వా తెప్పించి ల్యాబంతా పంచింది. ఆ రోజు కూడా నిలబడే తింది.

నెలనెలా ఆస్పత్రిలో ఒక కాగితం నింపేవారు. కొత్త ఇబ్బందులు ఏమైనా ఉన్నాయా అని అందులో ఒక ప్రశ్న.

"కొత్త సెప్పులు కరుస్తున్నాయండి," అన్నాడు పైడిరాజు ఒకసారి.

"ఎప్పుడు కొన్నారేంటి?"

"ఆర్నెల్లయింది."

నింపే అమ్మాయి నవ్వి, ఏమీ లేవని రాసింది.

*

నూకరత్నం బడి వంటగదిలో గంజి వారుస్తూ గుండె ఆగి పోయింది. యాభై ఒక్క ఏళ్ళు. హైమవతి దినానికి వెళ్ళి, పావుగంట ఉండి, ఫోన్ మోగితే వచ్చేసింది. పైడిరాజు మళ్ళీ పనిలోకి రాలేదు.

నాలుగు నెలల తరవాత పైడిరాజు కూతురు గౌరి ల్యాబుకి వచ్చింది. తగరపువలసలో కుట్టు కొట్టు పెట్టుకుని బతుకుతోంది. భర్తది ఓడలో పని, ఏడాదిలో ఆర్నెల్లు సముద్రం మీదే. తండ్రితోనే ఉంటుంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మా అయ్యని ఓసారి వచ్చి చూడండి మేడమ్. మతిపోయిందంటున్నారు వీధిలో. మతి బాగానే ఉంది. అమ్మ పోయిన తేదీ చెప్తాడు, వారం చెప్తాడు. కానీ రోజూ నాలుగింటికి అమ్మ బడినుంచి వచ్చేది. మా అయ్య డ్యూటీ దిగొచ్చి టీ పెట్టి ఉంచేవాడు. ఇప్పుడూ నాలుగవుతుంది, నేను కొట్టు మూసి వస్తాను, గేటు చప్పుడవుతుంది. మొహం వెలిగిపోద్ది మేడమ్! రెండు గ్లాసుల్లో పోసేస్తాడు. తరవాత నన్ను చూస్తాడు. అమ్మని ఆ నిమిషంలోనే దించి పడుకోబెట్టినట్టు ఏడుస్తాడు. నూట ఇరవై రోజులుగా రోజూ ఇదే."

"గేటు చప్పుడు కాకుండా..."

"గేటు తీయించేశాను. గేటు లేదని ఉలిక్కిపడ్డాడు. వారం రోజులు పెతీసారీ ఉలిక్కిపడ్డాడు. మళ్ళీ పెట్టించాను."

హైమవతి ఆ రోజే వెళ్ళింది. రెండు గదుల ఇల్లు, ముందు ఇనప గేటు. పైడిరాజు చిక్కిపోయాడు. వీధిలో కుక్కర్ కూత వేస్తే అదిరిపడ్డాడు. రెండో కూతకీ అంతే, మూడోదానికీ అంతే. పైన తిరుగుతున్న ఫ్యాను వైపు ఇప్పుడే చూసినట్టు చూశాడు.

"నిద్ర పడుతోందా?"

"దుప్పటి ఒంటిమీద ఉన్నట్టు తెలుస్తానే ఉంటాది మేడమ్. రేత్రంతా తెలుస్తాది. మీకు తెలుస్తాదేటి?"

తన ఒంటిమీద చీర ఉందన్న సంగతి ఆయన అడిగాకే హైమవతికి తెలిసింది.

"నాకేటీ అలవాటవ్వట్లేదండి," అన్నాడాయన మెల్లిగా. "ఆరో బేచీ గుర్తుందా మేడమ్?"

ఆ మాటకి ఆమె లేచి నిలబడింది. మామూలుగా లేచే లేవడం కాదది. తిన్నగా ల్యాబుకి బయలుదేరింది.

*

రిజిస్టరు ఎలకల గది బీరువాలోనే ఉంది. పేజీకి అడ్డంగా ఆమె ఎర్ర రాత ఉంది. దాని కింద పైడిరాజు నీలం అక్షరాలు ఆగలేదు. ఆమె కొట్టేశాక ఆ బ్యాచికి మందు మానేశారు. ఆయన చెయ్యి పెట్టడం మానలేదు. సెలవు కూడా పెట్టలేదు. "మందు లేదు, నాలుగో రోజు. ఒకటి దగ్గరికొచ్చి వాసన చూసింది." "ఎనిమిదో రోజు. మూడు వేలిమీద కాలు పెట్టాయి." పన్నెండో రోజు దగ్గర "మచ్చిక అయింది" అని రాసి ఉంది. కింద గీత రెండుసార్లు గీశాడు.

హైమవతి ఆ గదిలో గోడనుంచి గోడకి తిరిగింది. ఎలకలు ఆమెతోపాటు తలలు తిప్పాయి. ఇప్పుడంతా కళ్ళకి కట్టినట్టుంది. పెద్ద సంగతి పెద్ద చప్పుడుతో వస్తుంది, చీపురు ఎంత ఊడ్చినా అది మెదడులో అచ్చుపడుతుంది. అందుకే ఆయనకి తేదీలు గుర్తున్నాయి. అలవాటు అలా రాదు. మాట అయిపోయాక మూలల్లో మిగిలిన ఆ కాస్త గ్లుటమేట్ తడిలోనే అది మెల్లగా మొలుస్తుంది. చెప్పు కాలికి సర్దుకోవడం, ఫ్యాను చప్పుడు వినపడకుండా పోవడం, పోయిన మనిషి రాదని గేటు చప్పుడుకి తెలియడం, అన్నీ ఆ తడిలోనే. ఆమె మందు ఆ తడిని కూడా తుడిచేస్తోంది.

మూడు రోజులు కూర్చోకుండా మిగతా అందరికీ ఫోన్లు చేసింది. అనకాపల్లిలో ఒక ముసలాయనకి కట్టుడుపళ్ళు పది నెలలైనా ప్రతి ముద్దకీ కొత్తగానే ఉన్నాయి. రాజమండ్రిలో కూతురింటికి మారిన ఒకావిడ ఇప్పటికీ రోజూ పాత ఇంట్లో స్విచ్చి ఉండే చోటే గోడ తడుముతోంది. "అయితే ఏమైందండీ, చెయ్యి కదులుతోంది కదా, తడుముతాను," అందావిడ. చాలామంది అదే అన్నారు. ఎవరింట్లోనూ చావు జరగలేదు మరి.

సంగతంతా రాసి, రిజిస్టరు పేజీలు జతపరిచి, "తప్పు నాది" అని కింద సంతకం పెట్టి పరీక్షల కమిటీకి పంపింది. కొత్తవాళ్ళని చేర్చుకోవడం ఆపేశారు. ఉన్నవాళ్ళకి విషయం చెప్పి, మందు వాడాలో మానాలో వాళ్ళకే వదిలేశారు. మోతాదు తగ్గించి చూసింది హైమవతి. సగం మోతాదుకి ఎలకల నరాలు మళ్ళీ చావడం మొదలైంది, మచ్చిక మాత్రం రాలేదు. మధ్యే దారి దొరకలేదు.

*

"మానేస్తే?" అడిగింది గౌరి.

"జబ్బు మళ్ళీ నడుస్తుంది. మొదట్లో కాస్త జోరుగానే నడవొచ్చు. పోయిన వేలు తిరిగి రాదు."

"అయితే మానొద్దు. ఏడవనీ. ఏడ్చినా మనిషి ఉంటాడు." గౌరి గొంతు పెరిగింది. "అమ్మ పోయింది మేడమ్. ఉన్నది ఈయనొక్కడే."

పైడిరాజు కూతురి వైపు చూశాడు. "నాను ఏడవడం గురించి కాదమ్మా. ఏడుపు ఎవుడికి లేదు? ఏడిసేక ఊరుకోవాల కదా. నాకు ఊరుకోడం రావట్లేదు." ఆయన హైమవతి వైపు తిరిగాడు. "ఎలకలకి పన్నెండు రోజులు పట్టినాదండి. మనిషికెన్ని?"

"తెలీదు పైడిరాజు గారూ. నిజంగా తెలీదు."

"నలభై రోజులు ఆపీయండి."

"అయ్యా! చేతులు పోతాయి!"

"కిందటి నెల మీ అమ్మ చీర ఒకటి నువ్వు కట్టుకున్నావు. ఆ రోజు నాలుగింటికి నీ మొహం సూసి ఏటనుకున్నానో తెలుసా? ఈ పిల్ల రాకపోతే బాగుణ్ణు అనుకున్నాను. కన్నకూతురు గేటు తీస్తంటే రావొద్దనుకున్నోడికి చేతులు ఉంటే ఎంత, పోతే ఎంత?"

గౌరి లోపలికి వెళ్ళి ఇంట్లోని పాత కుట్టుమిషను ముందు కూర్చుంది. దారం లేని మిషను చాలాసేపు తొక్కింది.

*

మందు ఆపిన రోజునుంచి హైమవతి రోజూ మూడున్నరకి స్కూటరు మీద తగరపువలస వచ్చేది. రావాల్సిన అవసరం లేదని ఆస్పత్రివాళ్ళన్నారు. ఆమె వినలేదు. మొదటిరోజు వచ్చీ రాగానే గదంతా నాలుగుసార్లు తిరిగి, కిటికీ సర్ది, ఆయన చేతిబలం కొలిచి, ఫోన్ చూసుకుని, మళ్ళీ తిరిగింది.

"కూకోండి మేడమ్," అన్నాడు పైడిరాజు. "ఒకే వేళకి రావాల, వొచ్చి ఊరుకోవాల. మీరలా తిరుగుతుంటే నాకేటి మచ్చికవుతాది?"

ఆమె కూర్చుంది. కాలు ఆడిస్తూ కూర్చుంది. ఊరికే కూర్చోవడం ఇంత కష్టమని ఆమెకి ఇన్నేళ్ళలో తెలియలేదు. రెండో వారానికి కాలు ఆడించడం తగ్గింది. ఒకరోజు టీ వేడిగా ఉండగానే గ్లాసంతా తాగేసి, తనే ఆశ్చర్యపోయింది.

పైడిరాజు రిజిస్టరు ఇంటికి తెప్పించుకున్నాడు. తొమ్మిదో రోజు: గేటు చప్పుడుకి లేచాడు, రెండు గ్లాసుల్లో పోశాడు. పదిహేడో రోజు: లేచాడు, ఒక గ్లాసులో పోసి రెండోది చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు. ఇరవయ్యో రోజు ఆయన కుడి బొటనవేలు పొయ్యి లైటరు నొక్కలేకపోయింది. అక్కడినుంచి రిజిస్టరులో హైమవతి రాసింది, ఆయన చెబుతుంటే. ఇరవై ఆరో రోజు గేటు చప్పుడవగానే ఆయన లేవలేదు, తల మాత్రం ఎత్తాడు. తరవాత గంటసేపు ఏడ్చాడు. ఈ ఏడుపు వేరుగా ఉంది. మధ్యలో నూకరత్నం ఒకసారి బడి పిల్లాడి అన్నంలో పురుగు తీస్తూ హెడ్మాస్టర్ని ఎలా తిట్టిందో చెప్పి, నవ్వి, మళ్ళీ ఏడ్చి, గోడకి ఆనుకుని నిద్రపోయాడు. దుప్పటి కప్పితే కదల్లేదు. గౌరి, హైమవతి ఒకరినొకరు చూసుకున్నారు.

ముప్ఫై ఏడో రోజు నాలుగింటికి గేటు చప్పుడైంది. పైడిరాజు పేపర్లోంచి తలెత్తకుండా, "గౌరి వొచ్చినట్టుంది," అన్నాడు.

గౌరి గేటు దగ్గరే ఆగిపోయింది. ఇనప ఊచ పట్టుకుని, లోపలికి రాకుండా, అలాగే నిలబడి ఏడ్చింది. ఆయన అప్పుడు తలెత్తి, "ఏటలా నిలబడిపోయావు, రా," అన్నాడు. టీ గ్లాసు అందుకోబోయాడు. కుడిచెయ్యి సగం దాకా లేచింది, వేళ్ళు ముడుచుకోలేదు. గ్లాసు తగిలి బోర్లాపడింది.

గౌరి లోపలికొచ్చింది. ముగ్గురూ ఒలికిన టీ వైపు చూశారు.

"ఇంక మొదలెట్టీయండి మేడమ్," అన్నాడాయన.

హైమవతి లేచి నిలబడింది. చాలా రోజుల తరవాత గదిలో అటూ ఇటూ నడిచింది. "ఒక సంగతి చెప్పాలి పైడిరాజు గారూ. ఈ చెయ్యి పోయిన సంగతి మీకింకా అలవాటు కాలేదు. ఇప్పుడు మందు వేస్తే ఇక కాదు. రోజూ గ్లాసు అందుకోబోతారు. రోజూ కొత్తగా తెలుస్తుంది."

ఆయన ఆలోచించాడు. "మరి అది అలవాటయ్యీదాకా ఆగితే?"

"ఈలోపు ఎడమచెయ్యి పోతుంది."

"దానికి అలవాటయ్యీదాకా ఆగితే?"

ఆమె నడక ఆగింది.

"అంతే కదండి. ఎక్కడో ఓ చోట ఆపాల." పైడిరాజు తన కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. "రోజూ ఉలిక్కిపడక తప్పదంటే, నూకరత్నం గురించి పడ్డం కంటే దీని గురించి పడ్డం నయం. ఇదేటి, నాతో తగువులాడిందా, నాకు అన్నం ఎట్టిందా?"

"ఎట్టింది కదా అయ్యా!" అంది గౌరి ఏడుస్తూనే.

పైడిరాజు పకపకా నవ్వాడు. నూకరత్నం పోయాక ఆ ఇంట్లో అలాంటి నవ్వు వినపడడం అదే మొదలు. మర్నాడు పొద్దున్న మందు మళ్ళీ మొదలైంది.

*

జబ్బు ఆగింది. గేటు చప్పుడవుతుంది, గౌరి వస్తుంది, ఆయన పేపరు చదువుకుంటూనే ఉంటాడు. మందు ఆపిన రోజుల్లో మొలిచింది మందు వేశాక చెరిగిపోలేదు. హైమవతి మనసులో పెద్ద భయమే తీరింది.

ఆమె రావడం మాత్రం మానలేదు. నాలుగింటికి టీ. ఆయన మాటల్లో పడి కుడిచెయ్యి చాపుతాడు. చెయ్యి సగం లేచి, వేళ్ళు చచ్చుగా వేలాడతాయి. ఆయన దానివైపు, ఎవరిదో చెయ్యి తన భుజానికి తగిలించినట్టు, ఆశ్చర్యంగా చూస్తాడు. "అరె," అంటాడు. మొహంలో రక్తం పోతుంది. తరవాత సర్దుకుని ఎడమచేత్తో అందుకుంటాడు. మర్నాడు మళ్ళీ "అరె."

మొదటి వారమంతా ఆ మాట వినపడగానే హైమవతి మొహం పక్కకి తిప్పుకునేది. ఆ చెయ్యి తను ఒకనాడు చూసీ చూడని చెయ్యి. తన ఎర్ర రాతని ఆయన మర్చిపోయినా తను దీన్ని ఎప్పటికీ మామూలు సంగతిగా చూడకూడదనుకుంది. ఇంటికి వెళ్ళేటప్పుడు స్కూటరు మీద ప్రతిరోజూ అదే అనుకునేది. తడిని మిగిల్చి మిగతాది ఊడ్చే కొత్త మందు కోసం పొద్దుటినుంచీ పనిచేసేది. ఆ మందు ఎప్పటికి వస్తుందో ఆమెకే తెలీదు.

ఒక రోజు ఆమె కొత్త బ్యాచి సంగతి చెబుతోంది. ఎలకల గదిలోకి వచ్చిన కొత్త మనిషి సబ్బు మార్చేశాడట, ఎలకలన్నీ నక్కాయట. పైడిరాజు పళ్ళు పటపటలాడించి, "నానొచ్చి సెప్తానుండండి!" అంటూ గ్లాసుకోసం కుడిచెయ్యి చాపాడు.

"అరె," అన్నాడు.

"చెప్పండి చెప్పండి, మీ మాటైతే వింటాడు," అంటూ హైమవతి గ్లాసు ఆయన ఎడమచేతి వైపు జరిపింది. జరిపి, "అదీకాక నీళ్ళ సీసాలు కూడా..." అని మొదలుపెట్టి, సగంలో ఆగిపోయింది.

పైడిరాజు ఇంకా కుడిచేతి వైపే చూస్తున్నాడు. మొహం పాలిపోయి ఉంది. మొదటి రోజు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది.

"ఏటి మేడమ్, ఆపేసినారు?" అన్నాడాయన.

"ఏం లేదు."

ఆమె చెయ్యి చాపి, బల్లమీద ఉన్న అట్ట రిజిస్టరు అందుకుంది. పెన్ను మూత తీసి కాసేపు అలాగే కూర్చుంది. కాలు కూడా కదపలేదు. తరవాత ఆయన రాసే పద్ధతిలోనే, గుండ్రంగా రాసింది.

"మందు మళ్ళీ మొదలయ్యాక అరవై మూడో రోజు. పైడిరాజు: మొదటి రోజు లాగే. హైమవతి: మచ్చిక అయింది."

కింద గీత గీయడానికి మాత్రం ఆమెకి చెయ్యి రాలేదు.